ఆకలి మడిలో పెద్దమ్మ బీన్స్

నా ఉద్యోగం బీన్స్ చెట్లను ఆకలికి మాడ్చడం. చెప్పుకోవడానికి అంత గొప్పగా లేదు కానీ, నిజం అదే. బెంగళూరు నుంచి వచ్చే ఒక శాస్త్రవేత్త దగ్గర నేను పొలం పనులు చూసే మనిషిని. ఆమెను అందరం మేడమ్ అనే పిలుస్తాం. ఆమె పంపిన విత్తనాలు విత్తించడం, చెట్ల ఎత్తు కొలవడం, కాయలు తూచడం, చివర్లో చెట్లను వేర్లతో సహా తవ్వి తొట్టిలో కడగడం, ఇవీ నా పనులు.

పొలాన్ని రెండు సగాలు చేస్తాం. ఒక సగానికి బీన్స్‌కు కావలసిన ఆహారమంతా పెడతాం. రెండో సగానికి భాస్వరం ఒక్కటి తప్ప మిగతావన్నీ పెడతాం. దాన్ని మేము ఆకలి సగం అంటాం. రెండు వైపులా అవే ఇరవై రకాలు. ఒక్కో రకం ఒక్కో సగంలో మూడేసి చోట్ల, చిన్న చిన్న మడుల్లో. భాస్వరం వింత సరుకు. నీళ్ళతో పాటు ప్రయాణం చెయ్యదు. మా ఎర్రమట్టిలో అయితే పెళ్ళిలో అలిగి కూర్చున్న మేనమామలా ఉన్నచోటు నుంచి కదలదు. వేరే దాని దగ్గరికి వెళ్ళాలి. అది ఎక్కువగా పైన జానెడు మట్టిలోనే ఉంటుంది. కొన్ని రకాల బీన్స్ ఈ సంగతి పుట్టుకతోనే తెలిసినట్టు వేర్లను పక్కలకు పరుస్తాయి, వేరు నిండా సన్నటి నూగు పెంచుకుంటాయి. కొన్ని నేరుగా కిందికి దిగిపోయి, అక్కడ ఏమీ దొరక్క చిన్నబోతాయి. ఇది నేర్పితే వచ్చేది కాదు, విత్తనంలోనే ఉండే గుణం. ఎరువు ఎక్కువ వెయ్యలేని రైతు పొలంలో కూడా కాసే రకం ఏదో తేల్చడం మేడమ్ పని.

నేను పుట్టి పెరిగింది మారికుప్పంలో. బంగారం కోసం మైళ్ళ లోతుకు భూమిని తవ్విన ఊరు మాది. మా ఇళ్ళలో మాటలన్నీ లోతు గురించే. పై జానెడు మట్టిలో ఇంత కథ ఉంటుందని నలభై దాటాకే తెలిసింది. తెలిసి కూడా నేను చేసిన పని ఒకటుంది.

ఆ ఏడాది మా మడులు ఆవని దగ్గర ఒక రైతు కుటుంబం పొలంలో వేశాం. భార్యాభర్తలిద్దరే ఆ పొలం చూసుకునేవాళ్ళు. ఆమెకు అరవై అయిదు ఉంటాయి. ఊళ్ళో అందరిలాగే నేనూ పెద్దమ్మా అనేవాణ్ణి. పెద్దాయన మాట తక్కువ మనిషి. రెండు ఆవులు, కొంత రాగి, కొంత కూరగాయ, అదీ వాళ్ళ సేద్యం. మొదటి రోజే పెద్దమ్మ నన్ను నిలదీసింది.

“ఈ పక్క వాటికి పెట్టి ఆ పక్క వాటికి పెట్టవంట. అవేం పాపం చేసినాయప్పా?”

“ఆకలికి ఏది ఓర్చుకుంటాదో చూస్తాం పెద్దమ్మా.”

“ఓర్చుకునేదాన్ని చూడాలంటే నన్ను చూడు. నలభై ఏండ్లుగా ఈయప్పతో వేగుతా ఉండా.”

పెద్దాయన ఆవుకు కుడితి పెడుతూ, వినబడనట్టే ఉన్నాడు. నేను మట్టి మీద పుల్లతో గీసి, పక్కలకు పోయే వేరు ఇలా, కిందికి పోయే వేరు ఇలా అని చూపించాను. ఆమె శ్రద్ధగా విని తేల్చేసింది.

“దీనికి ఇంత గీయాల్నా? కొందరు కోడండ్లు చట్టిలో ఉండేది తిని పండుకుంటారు. కొందరు ఉట్టి మీద ఏముండాదో వెతుక్కొని తింటారు. మీ మేడమ్ వెతుక్కునే కోడల్ని చూస్తా ఉండాది. అంతే గదా?”

నేను ఫోన్లో ఈ మాట చెబితే మేడమ్ చాలాసేపు నవ్వింది. తన పాఠం కన్నా ఇదే బాగుందని ఒప్పుకుంది.

మర్నాడు పెద్దమ్మ ఒక కుండ పట్టుకొచ్చింది. అందులో బూడిదలో కలిపి దాచిన బీన్స్ విత్తనం. కాఫీ రంగు మీద తెల్ల చార. పుట్టింటి నుంచి తెచ్చుకుని, ఏటా కొంచెం వేసుకుంటూ కాపాడుకున్నది.

“మా యమ్మ ఇచ్చిన ఇత్తనం. అసలైన నాటు రకం. దీన్ని కూడా మీ పరీక్షలో కూచోబెట్టు.”

మూడేసి మడులకు చోటు లేదు. ఆమె మాట తీసెయ్యలేక మేడమ్ సరేనంది, ఒక్కో సగంలో ఒక్క మడి వెయ్యమంది. ఒక్క మడి చూసి ఏదీ తేల్చకూడదని కూడా అంది. ఆ మాట నేను పెద్దమ్మకు చెప్పలేదు. చెప్పడం అవసరమనుకోలేదు.

మడులు గీయడానికి మేడమ్ నాకు రెండు రోజులు ఇచ్చింది. నేను ఒక్క రోజులో ముగించాను, శభాష్ అనిపించుకోవాలని. టేపు, తాడు, సున్నం చేతికిస్తే నా గీత వంకర పోదని నాకొక పేరుంది. అయితే గీతలకు ముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని పొలమంతా తిరిగి, వెనకటి ఏళ్ళలో ఏ మూల ఏం ఉండేదో అడిగి ఫారంలో రాసుకోవాలి. ఆ సాయంత్రం పెద్దాయన డెయిరీకి పాలు పొయ్యడానికి వెళ్ళాడు. పెద్దమ్మ ఎవరి పొలంలోనో కోతకు వెళ్ళింది. వాళ్ళు వచ్చేదాకా ఆగితే ఒక గంట. నేను బండి సీటు మీద ఫారం పెట్టుకుని, గడులన్నిటిలో ‘రాగి, రాగి, రాగి’ అని నింపేశాను. చేతిరాత ఆ రోజు చక్కగా కుదిరింది కూడా.

అయిదు వారాలయ్యేసరికి ఆకలి సగం చూడ్డానికి జాలిగా తయారయింది. పొట్టి చెట్లు, చిన్న చిన్న ముదురు ఆకులు, కింది ఆకులు అప్పుడే పండుతున్నాయి. వాటి మధ్యలో పెద్దమ్మ బీన్స్ మాత్రం వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టు నిండుగా ఉంది. కడుపునిండా తిన్న సగంలోని దాని జోడీకి ఏ మాత్రం తీసిపోలేదు. మేడమ్ వచ్చి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీసుకుంది. “మడులు ఎంత నీట్‌గా వేశారండీ!” అని నన్ను మెచ్చుకుంది. నేను తలవంచుకుని నవ్వాను, ఎంతో వినయం ఉన్నవాడిలా.

పెద్దమ్మను ఇంక పట్టలేకపోయాం. డెయిరీ దగ్గర చెప్పింది, గుడి మెట్ల మీద చెప్పింది, ముళబాగిలు బస్సులో పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళకు చెప్పింది.

“బెంగళూరాయమ్మ మోకాళ్ళ మీద కూచొని ఫొటో తీసుకునె మా బీన్స్‌ని. గొబ్బరం అడగదు, ఏమీ అడగదు. మా యమ్మ మాదిరే.”

గొబ్బరం అంటే ఆమె లెక్కలో పేడ అయినా, సంచిలో వచ్చే ఎరువైనా ఒకటే. చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆమె కూతురిని శ్రీనివాసపురం వైపు ఇచ్చారు. అక్కడ లేత మామిడి చెట్ల వరసల మధ్య పది గుంటల నేల ఖాళీగా ఉంది. ఈసారి అందులో పుట్టింటి బీన్స్ వెయ్యమని పెద్దమ్మ కూతురికి కబురు పెట్టింది.

“కుండంతా ఇచ్చేస్తా ఉండా,” అని నాకు చెప్పింది. “ఒక పిడికెడు గొబ్బరం కూడా వెయ్యొద్దని చెప్పినాను.”

“కొంచెం గింజ ఇంట్లో పెట్టుకోండి పెద్దమ్మా.”

“యాలకి? కాయ వస్తే గింజ రాదా?”

తన తల్లి నుంచి వచ్చిన విత్తనం దాదాపు మొత్తం ఆ కుండలోనే ఉంది. మిగిలిందల్లా మా మడుల్లోని కొన్ని చెట్లు. వాటిని మేము ఎలాగూ వేర్లతో పెకలిస్తాం. కూతురి పది గుంటలు పోతే ఒక పంట పోవడమే కాదు, ఆ విత్తనం కూడా పోతుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

వేర్లు తవ్వే ముందు పొలమంతా కనబడేలా ఒక ఫొటో తియ్యాలి. నేను డ్రిప్పు నీళ్ళ ట్యాంకు దిమ్మె ఎక్కాను. పైనుంచి చూస్తే నేను గీసిన మడులన్నీ నలుచదరంగా, ముచ్చటగా ఉన్నాయి. పచ్చదనం మాత్రం గుండ్రంగా ఉంది. పెద్దమ్మ మడి మధ్యలో, అటూ ఇటూ మడుల అంచులు కొంచెం కొంచెం తాకుతూ, బండిచక్రం కన్నా పెద్ద పచ్చటి గుండ్రం. రకం వల్ల వచ్చిన పచ్చదనమైతే మడి గీత దగ్గర ఆగాలి. ఇది నా గీతల్ని లెక్కచెయ్యలేదు.

పెద్దాయన కింద నిలబడి ఉన్నాడు. “ఈ చోట ఇంత పచ్చగా ఎందుకుండాది పెద్దయ్యా?” అని అడిగాను.

“ఆడనే గదా మా దిబ్బ ఉణ్ణింది,” అన్నాడు. “కొట్టం ఇంటికాడికి మార్చేదాకా పదేండ్లు ఆడనే పేడ పోసినాము.”

“ముందే చెప్పుంటే బాగుండు గదా!”

“నువ్వు అడిగితివా?”

అంతే. గడ్డి మోపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పదేళ్ళ పేడలోని భాస్వరం ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. పెద్దమ్మ బీన్స్ ఆకలిని జయించలేదు. దానికి అసలు ఆకలే వెయ్యలేదు.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. వేర్లు కడిగాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత మేడమ్ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. మేడమ్ వచ్చింది, కానీ హుషారుగా ఉంది, చెడగొట్టడం ఎందుకనుకున్నాను. ప్రతి రోజూ ఏదో ఒక మంచి కారణం దొరికింది. అసలు కారణం ఒక్కటే: చెబితే ఫారం బయటికి వస్తుంది. ఈలోగా పెద్దమ్మ మధ్యాహ్నం నాకు సంగటి, బీన్స్ పులుసు పెట్టేది. తింటూ, ఆమె తల్లి గొప్పలు వింటూ, నేను తలూపేవాణ్ణి. ఫారం నింపింది తొందరపాటు అనుకోవచ్చు. ఆ తలూపుడుకు మాత్రం ఆ పేరు పెట్టలేను.

ఇలా పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు పొద్దున నేను బండి దిగుతూనే ఆమె ఎదురొచ్చింది.

“మొన్న మా పాప ఇత్తనం వేసేసిందప్పా. కుండ ఖాళీ!”

బండి స్టాండు వెయ్యడానికి రెండుసార్లు ప్రయత్నించాను. ఆ తర్వాత చెప్పేశాను, నిలబడే, గుక్క తిప్పుకోకుండా: దిబ్బ, గుండ్రం, ఫారం, రాగి, అన్నీ.

ఆమె మొదట మొగుడి వైపు తిరిగింది. “నీకు తెలుసునా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“ఎవురూ అడగలేదు.”

అప్పుడు నా వైపు తిరిగింది. “నీకు ఎప్పుడు తెలిసె?”

“పన్నెండు దినాలాయె.”

“పన్నెండు దినాలు. నా సంగటి తింటివి. తలకాయ ఊపితివి. గమ్మున ఉంటివి.” ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. “గీత తప్పు గీసింది పోనీ. గీత ఎవురైనా తప్పుతారు. నా బిడ్డ ఇత్తనం వేసేదాకా యాల గమ్మునుంటివి?”

“సిగ్గయింది పెద్దమ్మా.”

“నీ సిగ్గుకి పది గుంటలు కావాల్నా?”

అక్కడే నిలబడి మేడమ్‌కు ఫోన్ చేశాను, పెద్దమ్మ వింటుండగానే. మేడమ్ ఆ మడినీ పక్క మడులనూ పరీక్షలోంచి తీసేస్తానంది. ఫారం గురించి వచ్చాక మాట్లాడతానంది. ఆ మాట్లాడటం తర్వాత బాగానే జరిగింది, నాకు తగినన్ని చివాట్లతో. చివరికి అసలు సంగతి చెప్పింది: గింజ ఇంకా మొలకెత్తలేదు కదా, ఇప్పుడే వెళ్ళి ప్రతి సాలు పక్కన నాలుగు వేళ్ళ ఎడంలో, గింజ కన్నా కొంచెం లోతుగా, మాగిన పేడ, భాస్వరం ఎరువు వేసి కప్పండి. అది నడిచి వచ్చేది కాదు కాబట్టి వేరు పక్కనే పెట్టాలి. ఆలస్యమైతే లాభం లేదు.

“విన్నావా?” అంది పెద్దమ్మ. “పద. గొబ్బరం మూట నువ్వే మొయ్యాల.”

మర్నాడు తెల్లారగానే బస్సెక్కాం. ఆమె ముందు సీట్లో, నేను మూటతో పాటు వెనక. ముందు నుంచి ఆమె మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఎక్కిన ప్రతివాళ్ళకూ నన్ను పరిచయం చేసింది.

“వెనక కూచున్నాడే, ఆ సారు. శానా చదువుకున్నాడు. గుండ్రమేదో చతురమేదో తెలీదు, అంతే.”

కూతురికి నలభై ఏళ్ళుంటాయి. తల్లిలా మాట్లాడే మనిషి కాదు. సంగతంతా విని, నాకు ఒక చిన్న గుద్దలి, ఒక బుట్ట ఇచ్చి తన పనికి తను వెళ్ళింది. రెండు రోజులు ఆ పది గుంటల్లో వంగి ఉన్నాను. సాలు పక్కన కాలువ తియ్యడం, పేడ, ఎరువు వెయ్యడం, కప్పడం. టేపు, తాడు, సున్నం లేవు. పెద్దమ్మ మామిడి చెట్టు నీడలో కూర్చుని పర్యవేక్షించింది.

“వంకర పోతా ఉండాది సారూ, నీ గీత.”

“కనబడతా ఉండాది పెద్దమ్మా.”

“గింజకు తగలనియ్యొద్దు, కాల్తాది. తగిలితే ఈసారి పన్నెండు దినాలు ఆగొద్దు, అప్పుడే చెప్పు.”

రెండో రోజు మధ్యాహ్నానికి నాకు నడుము ఉందో లేదో తెలియలేదు. పెద్దమ్మకు జాలి వేసినట్టుంది. చెట్టు కింద నుంచి లేచి వచ్చి, రెండో బుట్ట తనే తీసుకుంది. ఇద్దరం చెరో సాలు పట్టుకున్నాం. ఆమె నాకన్నా ముందు అవతలి గట్టు చేరింది. అక్కడ నిలబడి, “ఏమప్పా, ఇంగా ఆడనే ఉండావా?” అని మామిడి తోటంతా వినబడేలా అరిచింది. కూతురు మొదటిసారి నవ్వింది. సాయంత్రానికి మొదటి సాలులో మట్టి పగిలి, మెడ వంచుకున్న మొలకలు బయటికి వస్తున్నాయి.

బయలుదేరేటప్పుడు కూతురు ఒక చిన్న గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. మొలవని చోట సందులు పూడ్చడానికి ఉంచుకున్న గింజ, రెండు గుప్పెళ్ళు. “మీ పరీక్ష మళ్ళీ పెట్టండి,” అంది. “ఈసారి అడిగి వెయ్యండి.”

ఈసారి అడిగాను. ఆవనిలోనే వాళ్ళ పై పొలంలో కొత్త మడులకు పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని ప్రతి మూలా తిప్పాడు. మాట తక్కువ మనిషి అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అడిగేవాడు లేక ఊరుకున్నాడు, అంతే. ఇక్కడ గడ్డివామి, ఇక్కడ పొయ్యి బూడిద పోసేవాళ్ళం, ఇక్కడ దూడను పూడ్చాం, ఇక్కడ గొర్రెలు పండుకునేవి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. ఇవేవీ లేని చోట వెతికి, రెండు సగాల్లోనూ పాత ఇరవై రకాలతో పాటు పెద్దమ్మ బీన్స్‌ను మూడేసి మడుల్లో వేశాం.

ఆరు వారాల తర్వాత మేడమ్ వచ్చింది. ఆకలి సగంలో పెద్దమ్మ బీన్స్ అడుగు నుంచి మూడోది. తవ్వి కడిగితే, వేర్లు మేస్త్రీ దారానికి వేలాడగట్టే గుండులా నేరుగా కిందికి పోయాయి. పై జానెడులో పక్కలకు పోయినవి నాలుగు కూడా లేవు. తిన్న సగంలో మాత్రం దాని పక్కన నిలబడగలిగేది ఒక్కటీ లేదు. మేడమ్ తొట్టి దగ్గర ఆ వేరును పెద్దమ్మ చేతిలో పెట్టి, ఎలా చెప్పాలా అని తడబడుతోంది. పెద్దమ్మే అంది:

“ఉట్టి వైపు చూడని కోడలు.”

“మీ అమ్మగారు దీన్ని ఎక్కడ వేసేవారమ్మా?” అని మేడమ్ అడిగింది.

“యాడ? దిబ్బ పక్కనే. మాయమ్మ, మాయమ్మకు అమ్మ, అందరూ అంతే. ఇంటి వెనక దిబ్బ పక్కన వేసి, బాగా కాసిన చెట్టు గింజ దాచేది.”

మేడమ్‌కు విషయం అర్థమైంది. తరతరాలుగా బాగా తినేదాన్నే ఎంచుకుంటూ వచ్చి ఉంటారు, వెతుక్కునే గుణం దానికి ఎప్పుడూ అవసరం పడి ఉండదు, అందుకే ఇలా అయ్యుండొచ్చు అని వివరించింది. పెద్దమ్మ ముఖంలో దిగులు వెతికాను. కనబడలేదు.

“అంటే మా యమ్మ ఇంట్లో ఎవురూ ఆకలిగా లేరని గదా అర్థం,” అంది.

ఆకలి సగంలో అన్నిటికన్నా బాగా కాసింది పేరు లేని ఒక నంబరు రకం. సన్నగా, వంకర కాయలతో ఉంటుంది. పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. “ముఖం బాగలేదు గానీ గట్టిది,” అని, గొబ్బరం అందని గట్టు నేలకు ఒక గుప్పెడు గింజ అడిగింది. ఈ రెండింటినీ కలిపి కొత్త రకం చెయ్యొచ్చని, అందుకు కొన్ని ఏళ్ళు పడుతుందని మేడమ్ అంది.

“పెండ్లి చేస్తావా? చెయ్యి. జాతకాలు మాత్రం ఈ సారుతో రాయించొద్దు.”

ఆ వారమే శ్రీనివాసపురంలో మొదటి కోత. నన్నూ రమ్మన్నారు. చెట్లు మోకాలెత్తున, గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గట్టు మీద పక్క తోట రైతు ఒకాయన నిలబడి, “గొబ్బరం లేకుండానే ఇట్లా కాసిందంట గదా?” అని పెద్దమ్మను అడిగాడు. బస్సు కబుర్లు ఇక్కడిదాకా వచ్చాయన్నమాట.

ఆమె చేత్తో నన్ను చూపించింది. “ఆయప్పనే అడుగు.”

నేను లేచి, బుట్ట కింద పెట్టి, ఆయనకు మొత్తం చెప్పాను. బాగా తిన్నది కాబట్టే కాసిందని, తిండి పెట్టింది నేనేనని, ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా. ఆయన నవ్వు ఆపుకోవడానికి కొంత ప్రయత్నించి మానుకున్నాడు. చెబుతుంటే నాకూ నవ్వొచ్చింది.

ఈలోగా పెద్దమ్మ సాళ్ళ వెంట నడుస్తూ, బాగా కాసిన చెట్లున్న రెండు సాళ్ళ మొదట్లో పాత చీర పేలికలు కట్టింది. కూతురిని, కోతకు వచ్చిన ఆడవాళ్ళను పిలిచి చెప్పింది.

“ఈ రెండూ తుంచొద్దు. ఎండనియ్యండి. గింజకు. ఎవురైనా ముట్టుకుంటే చెయ్యి విరుస్తా.”

తర్వాత నా వైపు తిరిగి, “నీకే చెప్తా ఉండా,” అంది. నేను పేలిక కట్టిన సాలులోనే ఉన్నాను, చేతిలో అప్పటికే తుంచిన కాయ ఒకటి ఉంది.